సిలికాన్‌పై రేడియో: అనలాగ్, ఆర్‌ఎఫ్ చిప్‌ల పరిశోధనపై ఒక సమీక్ష

గణన కోసం పుట్టిన సిలికాన్ సాంకేతికత మీద రేడియోను పూర్తిగా నిలబెట్టవచ్చునా, నిలబెడితే దేన్ని వదులుకోవలసి వస్తుంది అన్నది ముప్పై ఏళ్లకు పైగా అనలాగ్ వలయాల పరిశోధకుల ముందున్న ప్రధాన ప్రశ్న. డిజిటల్ వలయానికి సున్నా, ఒకటి అనే రెండు స్థితుల మధ్య తేడా తెలిస్తే చాలు. యాంటెన్నా నుంచి వచ్చే వోల్టేజీ మాత్రం ఎడతెగకుండా మారుతూ ఉంటుంది, ఆ మార్పులో ఎంత చిన్న అంశమైనా సమాచారమే కావచ్చు. ఇలా అవిచ్ఛిన్నంగా మారే రాశిని రూపు చెడకుండా పెంచి, వడగట్టి, ఒక పౌనఃపున్యం నుంచి మరో పౌనఃపున్యానికి తరలించే వలయాలే అనలాగ్ వలయాలు. వాటిలో వందల మెగాహెర్ట్జ్ మొదలుకొని పదుల గిగాహెర్ట్జ్ వరకు పనిచేసేవాటిని రేడియో పౌనఃపున్య వలయాలనీ, క్లుప్తంగా ఆర్‌ఎఫ్ వలయాలనీ అంటారు. ఈ రంగం సాధించిన విజయాలను వరుసగా పరిశీలిస్తే, వాటిలో అధిక భాగం కష్టాన్ని తొలగించినవి కావనీ, విడిభాగాల నుంచి చిప్ మీదికి, వోల్టేజీ నుంచి కాలానికి, వలయం నుంచి గణితానికి దాన్ని తరలించినవనీ తెలుస్తుంది. ఎక్కడికి తరలిస్తే భారం తేలికవుతుందో కనిపెట్టడంలోనే ఈ విద్య ప్రతిభ అంతా ఉంది.

ఆ భారం ఎంతటిదో అంకెల్లో చూడడం అవసరం. ఏ వాహకంలోనైనా ఎలక్ట్రాన్ల ఉష్ణచలనం వల్ల ఒక రొద పుడుతుంది. ఇంజనీర్లు నాయిస్ అని పిలిచే ఈ రొదను బెల్ ప్రయోగశాలలో జాన్సన్ కొలవగా, నైక్విస్ట్ దానికి సిద్ధాంతం కట్టగా, ఆ ఫలితాలు 1928లో అచ్చయ్యాయి. గది ఉష్ణోగ్రత వద్ద ఈ నాయిస్ ఒక్కో హెర్ట్జ్ వెడల్పుకు −174 డీబీఎం ఉంటుంది. ఒక మిల్లీవాట్ శక్తిని సున్నాగా తీసుకొని, శక్తి పది రెట్లు తగ్గిన ప్రతిసారీ పది అంకెలు దిగుతూ పోయే కొలమానమే డీబీఎం. జీఎస్‌ఎం ఫోను వాడే 200 కిలోహెర్ట్జ్ వెడల్పులో ఇది −121 డీబీఎం అవుతుంది. దానికి రిసీవర్ తనవంతుగా చేర్చే నాయిస్ కింద 10 డెసిబెల్స్, సందేశాన్ని తప్పుల్లేకుండా విప్పడానికి సంకేతానికి ఉండవలసిన ఆధిక్యం కింద 9 డెసిబెల్స్ కలిపితే, ఆ ప్రమాణం నిర్దేశించిన −102 డీబీఎం సున్నితత్వం వస్తుంది. రూపకర్త చేతిలో ఉన్నది నడుమనున్న ఆ 10 డెసిబెల్స్ మాత్రమే. తక్కినదంతా ప్రకృతి, ప్రమాణం కలిసి ముందే నిర్ణయించేశాయి. అంతటితో ఆగక, కావలసిన సంకేతానికి 3 మెగాహెర్ట్జ్ దూరంలోనే −23 డీబీఎం బలంతో పరాయి సంకేతం ఉండవచ్చుననీ, కేటాయించిన పట్టీకి వెలుపల అది 0 డీబీఎం వరకు పోవచ్చుననీ, అయినా రిసీవర్ పనిచేసి తీరాలనీ ఆ ప్రమాణమే అంటుంది. −102కూ −23కూ మధ్య తేడా శక్తిలో దాదాపు 8 కోట్ల రెట్లు. బలహీన సంకేతం కోసం వలయం పెంపును ఎక్కువ చేస్తే బలమైన సంకేతం దాన్ని తన పరిధి దాటించి రూపు చెడగొడుతుంది. ఇన్‌పుట్ ఎంత పెరిగితే అవుట్‌పుట్ అంతే నిష్పత్తిలో పెరగాలన్న రేఖీయత నిలవాలంటే విద్యుత్ వ్యయం పెరుగుతుంది. నాయిస్, రేఖీయత, విద్యుత్ వ్యయం అనే ఈ మూడింటి పెనుగులాటే తర్వాతి చరిత్రకంతటికీ మూలం.

1918లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన సూపర్‌హెటరొడైన్ పద్ధతి ఈ పెనుగులాటకు దొరికిన తొలి గొప్ప పరిష్కారం. వచ్చిన సంకేతాన్ని స్థానిక ఆసిలేటర్ పుట్టించే తరంగంతో మిక్సర్‌లో గుణించి, ఒక స్థిరమైన మధ్యస్థ పౌనఃపున్యానికి దించి, అక్కడ నాణ్యమైన ఫిల్టర్‌తో పరాయి సంకేతాలను తొలగించడం ఆ పద్ధతి సారం. అది అర్ధ శతాబ్దానికి పైగా రేడియోను ఏలింది. అయితే ఆ ఫిల్టర్లు స్ఫటికాలతోనో, పింగాణీతోనో చేసిన విడిభాగాలు కావడంతో చిప్‌లోకి రాలేదు. మధ్యస్థ పౌనఃపున్యమే లేకుండా సంకేతాన్ని నేరుగా సున్నాకు దించవచ్చునన్న ఊహ కూడా పాతదే, కోల్‌బ్రూక్ 1924లోనే హోమోడైన్ పేరిట దాన్ని వర్ణించాడు. కాని సున్నా దగ్గర పొంచి ఉన్న శత్రువులు ఎన్నో: ఆసిలేటర్ తరంగం యాంటెన్నా వైపు కారి, తిరిగి వచ్చి తనతో తానే గుణించుకోవడంతో ఏర్పడే స్థిర వోల్టేజీ, పౌనఃపున్యం తగ్గే కొద్దీ హెచ్చే ఫ్లికర్ నాయిస్, 90 డిగ్రీల తేడాతో నడిచే రెండు మార్గాల మధ్య సరితూకం లేకపోవడం వాటిలో ముఖ్యమైనవి. విడిభాగాలు కొని వలయం కట్టుకునే కాలంలో ఆ పద్ధతిని ఎవరూ కోరుకోకపోవడం సహజమే. ఫిల్టర్‌కు చిప్‌లో చోటు లేదని తేలిన తర్వాతే దాని విలువ మారింది. పై లోపాలన్నీ చిప్ మీదనే దిద్దుకోదగినవి, స్ఫటిక ఫిల్టర్‌ను మాత్రం చిప్ మీద తయారుచేయలేరు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో క్రోల్స్, స్టేయార్ట్ 1995లో చూపిన తక్కువ మధ్యస్థ పౌనఃపున్యపు రిసీవర్ ఈ రెండు దారుల నడుమ మధ్యేమార్గం. సున్నాకు కొంచెం ఎడంగా ఆగడం వల్ల స్థిర వోల్టేజీ బెడద తగ్గుతుంది, అయితే ఆసిలేటర్‌కు అవతలి వైపు అంతే దూరంలో ఉండే ప్రతిబింబ పౌనఃపున్యం నుంచి చొరబడే సంకేతాన్ని అణచే పని రెండు మార్గాల సరితూకం మీద పడుతుంది.

అదే కాలంలో ఇంకో వాదం సాగింది. రేడియోకు గాలియం ఆర్సెనైడ్, లేదా సిలికాన్ బైపోలార్ ట్రాన్సిస్టర్లు తగునే గాని, మెమరీలకూ ప్రాసెసర్లకూ వాడే చౌకైన సీమాస్ పనికిరాదని పరిశ్రమలో చాలామంది నమ్మేవారు. ఆ అపనమ్మకానికి కారణం ట్రాన్సిస్టర్ ఒక్కటే కాదు, అంతకు మించి ఇండక్టర్. లోహపు తీగను చిప్ ఉపరితలం మీద చతురస్రాకారపు సుడిగా తిప్పితే ఇండక్టర్ అవుతుంది. ఒక్కో భుజం వందల మైక్రాన్లుండే ఆ సుడికి పట్టే స్థలంలో వేలాది లాజిక్ గేట్లు పడతాయి. పైగా తీగ నిరోధం వల్లనూ, కింద ఉన్న సిలికాన్‌లో ప్రేరిత విద్యుత్ ప్రవహించడం వల్లనూ శక్తి హరించుకుపోయి, నిలువ చేసిన శక్తికీ పోయే శక్తికీ మధ్య నిష్పత్తిని తెలిపే నాణ్యతాంకం పది దాటడమే కష్టమవుతుంది. బర్కిలీలో న్గుయెన్, మేయర్ 1990లో సిలికాన్ మీద ఇటువంటి ఇండక్టర్లు సాధ్యమేనని చూపగా, 1993లో లాస్ ఏంజిలిస్‌లో అసద్ అబిది బృందం సుడి కిందనున్న సిలికాన్‌ను రసాయనంతో తొలిచివేసి, దాన్ని గాలిలో వేలాడదీసి, 2 మైక్రాన్ల సీమాస్‌లో 770 మెగాహెర్ట్జ్ యాంప్లిఫయర్‌ను పనిచేయించింది. తొలిచివేసే పద్ధతి కర్మాగారాల్లో నిలవలేదు. అయినా రేడియోకు సీమాస్ పనికిరాదన్న తీర్పు ప్రకృతి నియమం కాదని రుజువు చేసింది ఆ ప్రయోగమే. స్టాన్‌ఫర్డ్‌లో షేఫర్, థామస్ లీ 1997లో ప్రకటించిన 1.5 గిగాహెర్ట్జ్ యాంప్లిఫయర్ దీన్ని మరో మెట్టు ఎక్కించింది. ట్రాన్సిస్టర్ సోర్సు కాలికి చిన్న ఇండక్టర్ జోడిస్తే, ఇన్‌పుట్ దగ్గర నాయిస్ పుట్టించని నిరోధం వంటిది ఏర్పడి యాంటెన్నాకు సరిపోతుందన్న సూత్రాన్ని 0.6 మైక్రాన్ల సీమాస్‌లో 3.5 డెసిబెల్స్ నాయిస్ ఫిగర్‌తో వారు నిరూపించారు. సంకేతం వలయం గుండా సాగేటప్పుడు నాయిస్‌తో పోల్చి ఎంత నష్టపోతుందో చెప్పేదే నాయిస్ ఫిగర్. ఆ తర్వాతి పదేళ్లలో బ్లూటూత్, వైఫై, సెల్‌ఫోన్ రేడియోలు ఒకదాని వెంట ఒకటి సీమాస్‌కు చేరాయి.

ఆసిలేటర్ కథ వేరు, ఈ రంగంలో సిద్ధాంతం ఎంత పని చేయగలదో చెప్పడానికి అది చక్కని ఉదాహరణ. ఆదర్శ ఆసిలేటర్ ఒకే ఒక్క పౌనఃపున్యాన్ని ఇవ్వాలి, నిజమైన దాని తరంగం మాత్రం కాలంలో అటూ ఇటూ జరుగుతూ ఆ పౌనఃపున్యం చుట్టూ పలచని అంచు పరుస్తుంది. ఆ అంచే ఫేజ్ నాయిస్. పక్కనున్న బలమైన సంకేతం ఈ అంచుతో గుణితమై, కావలసిన సంకేతం మీదికి వచ్చి కూర్చుంటుంది. జీఎస్‌ఎం పరీక్షలో కావలసిన సంకేతం −99 డీబీఎం, పరాయి సంకేతం −23 డీబీఎం, ఆధిక్యం 9 డెసిబెల్స్ ఉండాలంటే, 3 మెగాహెర్ట్జ్ దూరంలో ఆ అంచు ఒక్కో హెర్ట్జ్‌కు మూల తరంగం కంటే 138 డెసిబెల్స్ కింద ఉండాలి. 1966లో లీసన్ ఇచ్చిన సూత్రం కొలతలకు చక్కగా సరిపోయేది, కాని అందులో ఒక రాశిని కొలిచిన తర్వాతే నింపుకోవలసి వచ్చేది కనుక అది వర్ణనగా ఉండిపోయింది. 1998లో అలీ హజిమిరి, థామస్ లీ ప్రచురించిన సిద్ధాంతం, నాయిస్ ఎంత అన్నదానికంటే ఏ క్షణంలో తగిలింది అన్నదే ముఖ్యమని తేల్చింది. ఊగుతున్న ఉయ్యాలను అది నడుమ వేగంగా పోతున్నప్పుడు పోతున్న వైపే తోస్తే ఊపు పెరుగుతుందే గాని లయ తప్పదు; కొసకు చేరి నిలిచినట్టుండే క్షణంలో తోస్తే లయే జరిగిపోతుంది. ఆసిలేటర్ కూడా అంతే, వోల్టేజీ శిఖరాన ఉన్నప్పుడు తగిలిన దెబ్బ ఎత్తును మార్చి సద్దుమణుగుతుంది, సున్నాను దాటుతున్నప్పుడు తగిలినది కాలాన్ని శాశ్వతంగా జరుపుతుంది. దీనితో రూపకర్తకు ఆచరణలో పెట్టదగిన సూచనలు దొరికాయి: విద్యుత్తును శిఖర క్షణంలోనే ఇవ్వాలి, తరంగం ఎగువ దిగువ సగాలు సమానంగా ఉండేలా చూస్తే ఫ్లికర్ నాయిస్ మూల పౌనఃపున్యం పక్కకు ఎక్కదు. రెండేళ్లకు డెమిర్, మెహ్రోత్రా, రాయ్‌చౌధురి ఇంకా కఠినమైన గణితంతో ఇదే విషయాన్ని నిర్మించారు. అయినా బల్ల ముందు కూర్చున్న రూపకర్తకు దారి చూపినది మొదటిదే. ఖచ్చితత్వం కొంత తగ్గినా ఏం మార్చాలో చెప్పే సిద్ధాంతానికి ఈ రంగంలో ఎప్పుడూ పెద్దపీటే.

2000 తర్వాత పరిస్థితి తలకిందులైంది. 1990 ప్రాంతంలో 5 వోల్టులుండిన సరఫరా 130 నానోమీటర్ల తరానికి 1.2 వోల్టులకు పడిపోయింది, ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ ఒక్కదాని నుంచి రాగల పెంపు కూడా తగ్గింది. వోల్టేజీలో దాచుకునే ఖచ్చితత్వానికి చోటు మిగల్లేదు. మరోవైపు అదే ట్రాన్సిస్టర్ స్విచ్‌గా చూస్తే అంతకు ముందెన్నడూ లేనంత వేగవంతమైనది. సమాచారాన్ని వోల్టేజీ ఎత్తులో కాక అంచులు వచ్చే సమయంలో ఉంచాలన్న ఆలోచన ఇక్కడి నుంచే బలపడింది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో స్టాషెవ్‌స్కీ బృందం 2004లో వివరించిన 130 నానోమీటర్ల బ్లూటూత్ రేడియోలో, ఆసిలేటర్‌ను అదుపులో పెట్టే ఫేజ్ లాక్డ్ లూప్ పూర్తిగా డిజిటల్‌గా మారింది. పాత పద్ధతిలోని పెద్ద కెపాసిటర్ల స్థానంలో సమయాన్ని అంకెగా మార్చే పరికరం, గణిత ఫిల్టర్ వచ్చాయి.

స్విచ్‌లతో సాధించినవాటిలో అన్నింటికన్నా అందమైనది ఎన్-పాత్ ఫిల్టర్. నాలుగు స్విచ్‌లు, నాలుగు కెపాసిటర్లు, కాలచక్రంలో ఒక్కో పావు వంతు మాత్రమే ఒక్కొక్క స్విచ్‌ను ఆన్ చేసే గడియారం, దాని నిర్మాణం ఇంతే. గడియారపు పౌనఃపున్యంతో సమానమైన సంకేతం వస్తే, ప్రతి కెపాసిటర్‌కూ ప్రతి చక్రంలో తరంగపు అదే ముక్క అందుతుంది కనుక అది ఆ విలువకు నిండి నిలిచిపోయి సంకేతాన్ని అడ్డుకోదు. పౌనఃపున్యం కొంచెం తేడాగా ఉన్నది వస్తే ముక్కలు చక్రచక్రానికీ మారిపోయి, సగటు సున్నాకు చేరి, కెపాసిటర్ దాన్ని నేలకు దించేస్తుంది. ఇండక్టర్ లేకుండానే, స్ఫటికంతో పని లేకుండానే, గడియారం తిప్పిన చోటికల్లా జరిగే ఇరుకైన ఫిల్టర్ ఈ విధంగా చిప్‌లోకి వచ్చింది. మూలసూత్రాన్ని ఫ్రాంక్స్, శాండ్‌బర్గ్ 1960లోనే చెప్పారు. దానికి తగిన స్విచ్ పుట్టడానికి అర్ధ శతాబ్దం పట్టింది. కార్నెల్‌లో ఆండ్రూస్, మోల్నార్ 2010లో యాంప్లిఫయర్‌ను పక్కనపెట్టి మిక్సర్‌నే యాంటెన్నాకు తగిలించిన రిసీవర్, నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో నౌటా, క్లుంపరింక్ బృందం చేసిన ఫిల్టర్లు ఈ దారిని విస్తృతం చేశాయి. ఇక్కడా కష్టం తప్పిపోలేదు, గడియారం మీదికి వెళ్లింది: పౌనఃపున్యం పెరిగిన కొద్దీ స్విచ్‌లను నడిపే విద్యుత్ వ్యయం పెరుగుతుంది, గడియారపు గుణిజాల దగ్గరి సంకేతాలు లోపలికి మడతపడతాయి, ఆసిలేటర్ తరంగం యాంటెన్నా గుండా బయటికి కారుతుంది. ఫోను ముందుభాగంలో శబ్దతరంగ ఫిల్టర్లు నేటికీ డజన్లకొద్దీ ఉన్నాయంటే, ఈ మూడింటికీ సంతృప్తికరమైన సమాధానం రాలేదనే అర్థం.

అన్నింటినీ తొలగించి, యాంటెన్నా వోల్టేజీని నేరుగా అంకెలుగా మార్చి, మిగిలినదంతా సాఫ్ట్‌వేర్‌కు వదిలేయరాదా అన్న ప్రశ్న తరచుగా వినవస్తుంది. మళ్లీ జీఎస్‌ఎం లెక్కే తీసుకుంటే, 0 డీబీఎం పరాయి సంకేతానికీ −111 డీబీఎం నాయిస్ మట్టానికీ మధ్య 111 డెసిబెల్స్ ఉన్నాయి. సెకనుకు 200 కోట్ల నమూనాలు తీస్తే కన్వర్టర్ నాయిస్ విశాలమైన పట్టీలో పరచుకుపోవడం వల్ల 37 డెసిబెల్స్ కలిసివచ్చి 74 మిగులుతాయి, అంటే ఏ అదనపు జాగ్రత్తా లేకుండానే 12 బిట్లకు పైగా కావాలి. నమూనా తీసే క్షణం 35 ఫెమ్టోసెకన్లకు మించి జరగకూడదు. సెకనును లక్ష కోట్ల భాగాలు చేసి, ఒక భాగాన్ని మళ్లీ వెయ్యిగా విడదీస్తే వచ్చేది ఒక ఫెమ్టోసెకను. బేస్ స్టేషన్లలో ఇటువంటి కన్వర్టర్లు వచ్చేశాయి, బ్యాటరీ మీద నడిచే పరికరానికి ఆ వ్యయం భారమే. దీని వెనుక ఒక మొండి నియమం ఉంది: కెపాసిటర్‌లో పట్టుకున్న నమూనాలో ఉష్ణ నాయిస్ దాని పరిమాణానికి విలోమానుపాతంలో ఉంటుంది కనుక, నాయిస్ అవధికి చేరిన తర్వాత ఒక్కో అదనపు బిట్ కోసం కెపాసిటర్ నాలుగింతలవుతుంది, దాన్ని నింపే విద్యుత్తు కూడా అంతే. ఆ అవధికి ఇవతల మాత్రం ప్రగతి అబ్బురపరుస్తుంది. 1975లో మక్‌క్రియరీ, గ్రే ప్రవేశపెట్టిన ఆవేశ పునర్విభజన కన్వర్టర్‌ను ట్వెంటే పరిశోధకులు 2008లో 65 నానోమీటర్లలో మళ్లీ కట్టి, సెకనుకు 10 లక్షల నమూనాలను 10 బిట్ల కన్వర్టర్‌తో 1.9 మైక్రోవాట్లకే సాధించారు. యాంప్లిఫయర్ అక్కర్లేని, ప్రధానంగా స్విచ్‌లు, కెపాసిటర్లతో నడిచే పాత వలయం కొత్త ట్రాన్సిస్టర్‌కు సరిగ్గా అతికింది.

ట్రాన్స్‌మిటర్ వైపు, ముఖ్యంగా పవర్ యాంప్లిఫయర్ విషయంలో, పరిశోధన ఇంకా బాకీ పడే ఉంది. వాట్ల కొద్దీ శక్తి పంపాలంటే వోల్టేజీ ఊపు పెద్దదిగా ఉండాలి, సన్నని గేటు గల సీమాస్ ట్రాన్సిస్టర్ ఆ ఊపుకు చిట్లిపోతుంది. అందుకే ఫోన్లలో ఈ ఒక్క పనికి గాలియం ఆర్సెనైడ్ నిలిచి ఉంది. పైగా నేటి సంకేతాల శిఖరశక్తి సగటు కంటే దాదాపు 10 డెసిబెల్స్ ఎక్కువ కావడంతో యాంప్లిఫయర్ అధిక సమయం తన సామర్థ్యానికి చాలా దిగువన, వేడిని పుట్టిస్తూ నడుస్తుంది. దీనికి పరిశోధకులు నేటికీ ఆశ్రయిస్తున్నవి షిరెక్స్ 1935లో, డోహర్టీ 1936లో ప్రసార కేంద్రాల కోసం చెప్పిన ఉపాయాలే. వక్రతను ముందే లెక్కించి సంకేతాన్ని ఎదురుగా వంచి పంపే డిజిటల్ ప్రీడిస్టార్షన్ వచ్చాక ఆ పాత ఉపాయాలకు కొత్త జీవం వచ్చింది.

మిల్లీమీటర్ తరంగాల్లో చిప్ పరిమాణం, తరంగ పరిమాణం దగ్గరపడతాయి. 24 గిగాహెర్ట్జ్ దగ్గర కాల్‌టెక్‌లో హజిమిరి బృందం 2004లో, 60 గిగాహెర్ట్జ్ దగ్గర బర్కిలీలో నిక్‌నెజాద్, బ్రాడర్సన్ బృందం 2005లో చూపిన సిలికాన్ వలయాల నుంచే నేటి కారు రాడార్లు, 5జీ యాంటెన్నా వరుసలు రూపుదిద్దుకున్నాయి. ఒక్కో ట్రాన్సిస్టర్ బలం చాలనప్పుడు అనేక యాంటెన్నాల తరంగాలను దశలు కలిపి ఒకే దిశకు పంపడం ఇక్కడి ఉపాయం. ఆ దశలను క్రమాంకనం చేయడం, కిక్కిరిసిన మూలకాల వేడిని బయటికి పంపడం ఇప్పటి సమస్యలు.

రూపకల్పన విధానం మీద జరుగుతున్న పరిశోధనను ఉత్సాహంతోనూ జాగ్రత్తతోనూ చూడాలి. 1973లో బర్కిలీ నుంచి స్పైస్ సిమ్యులేటర్ వెలువడినా, డిజిటల్ వలయాల మాదిరిగా అనలాగ్ వలయాలను యంత్రం చేత గీయించడం ఎన్నో దశాబ్దాల పాటు విఫలమైంది. పక్కపక్కన ఉన్న రెండు ట్రాన్సిస్టర్ల మధ్య స్వల్ప అసమానత, ఒక తీగ పక్కగా పోయే మరో తీగ ప్రభావం ఫలితాన్ని మార్చేస్తాయి. ప్రిన్స్‌టన్‌లో కౌశిక్ సేన్‌గుప్తా బృందం 2024లో ప్రచురించిన పనిలో, నేర్చుకున్న యంత్రం మనిషి ఊహించని చిందరవందర ఆకారాలతో మిల్లీమీటర్ తరంగ నిర్మాణాలను గీసింది, కొలిస్తే అవి పనిచేశాయి కూడా. ఇది నిజమైన ముందడుగు. అయితే చిప్ కొలతలో తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెదకాలో చెప్పగల వివరణ ఆ ఆకారాలతో పాటు రాకపోవడం చిన్న లోటు కాదు. ఈ రంగపు పత్రికల్లో మరో అలవాటు కూడా సవరించుకోదగినది: నాయిస్, వ్యయం, వేగం అన్నింటినీ ఒకే సంఖ్యలోకి కుదించే యోగ్యతాంకంతో వలయాలను పోల్చడం. ఒకే చిప్‌ను గది ఉష్ణోగ్రతలో కొలిచి తెచ్చిన అంకె, వేల చిప్‌ల మధ్య తేడాలకూ, ఎండకూ, చలికీ తట్టుకుని నిలిచే వలయానికి సాక్ష్యం కాదు.

భారతదేశంలో ఈ విద్యకు పునాది ఉంది. సిగ్మా-డెల్టా కన్వర్టర్లపై మద్రాసు ఐఐటీలో శాంతి పవన్ చేసిన కృషి అంతర్జాతీయంగా ప్రామాణికం, అక్కడి అనలాగ్ పాఠాలు ఎన్‌పీటెల్ ద్వారా ఉచితంగా అందుతున్నాయి. హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన గేటెక్ గాలియం ఆర్సెనైడ్ మైక్రోవేవ్ చిప్‌లను తయారుచేస్తుంది. అదే నగరంలో వైఫై, బ్లూటూత్ చిప్‌ల డిజైన్ కేంద్రం నడిపిన రెడ్‌పైన్ సిగ్నల్స్ నుంచి ఆ వ్యాపారాన్ని సిలికాన్ ల్యాబ్స్ 2020లో కొన్నది. చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమం కింద విద్యార్థుల డిజైన్లు మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీలో 180 నానోమీటర్ల ప్రక్రియలో తయారవుతున్నాయి. ఆ తరాన్ని పాతదని తీసివేయనవసరం లేదు, 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలెన్నో ఆ తరంలోనే వచ్చాయి, విద్యుత్ సరఫరా వలయాలకూ సెన్సర్ వలయాలకూ అది నేటికీ చాలినది. అనలాగ్ రూపకర్తను తయారుచేసేది తాను గీసిన చిప్ తిరిగివచ్చాక ప్రోబ్ పెట్టి కొలవడం, సిమ్యులేషన్‌కూ కొలతకూ మధ్య వచ్చిన తేడా ఏ తీగలో ఉందో వెదకడం. ఆ చక్రం చదువు పూర్తయ్యేలోగా ఒక్కసారి కాక మూడు నాలుగు సార్లు తిరగాలంటే, తయారీ వంతులు తరచుగా దొరకడంతో పాటు నెట్‌వర్క్ ఎనలైజర్లు, ప్రోబ్ స్టేషన్లు ఉన్న కొలత ప్రయోగశాలలు జిల్లా స్థాయి ఇంజనీరింగ్ కళాశాలలకు కూడా అందుబాటులోకి రావాలి.